అర మార్కు

రాయి ట్యాంకులోకి వచ్చిన కొన్నాళ్లకి దాని నెర్రెలో ఒక గోధుమరంగు చుక్క కనిపించింది. ఆవగింజంత ఉంది. నాచేమో అనుకుని మాస్టారు పట్టించుకోలేదు. చేపలకి మేత వేయడానికి పంపు ఆపినప్పుడు, నీళ్లు నిలిచాక కూడా ఆ చుక్క కదిలింది. భూతద్దం తెచ్చి అద్దానికి ఆనించి చూశారు.

చుక్కకి చేతులున్నాయి.

మాస్టారు విశాఖపట్నంలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకి సముద్రజీవుల్ని ఫార్మలిన్ సీసాల్లోనే చూపించారు. సీసాలో రంగు పోతుంది, ఆకారం ముడుచుకుపోతుంది. బతికున్నవాటిని దగ్గరగా చూడాలన్న కోరిక అలాగే మిగిలిపోయింది. గ్రాట్యుటీ డబ్బులో కొంత తీసి హాల్లో మూడడుగుల ఉప్పునీటి ట్యాంకు పెట్టించుకున్నారు. ఆర్వో నీళ్లలో ఉప్పు కలిపి సాంద్రత 1.025 దగ్గర నిలబెట్టడం, ఎండాకాలం నీళ్లు వేడెక్కకుండా చిల్లర్ చూసుకోవడం, స్కిమ్మర్ కప్పులో చేరే మురికిని పారబోయడం అన్నీ ఆయనే చేసుకునేవారు.

ట్యాంకులో రెండు క్లౌన్ చేపలు, కొన్ని జోవాంథిడ్లు, మష్రూమ్ కోరల్స్ ఉండేవి. గట్టి పగడాల జోలికి ఆయన పోలేదు. అవి 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. షాపువాడొకడు చాటుగా తెప్పించి పెడతానన్నాడు.

"చట్టం తెలియక అంటున్నావా, తెలిసే అంటున్నావా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా మాస్టారు వచ్చేశారు.

ఆ రాయి బ్యాంకు మేనేజర్ గారి దగ్గర కొన్నది. ఆయన ఇల్లు రెండు వీధుల అవతల. కాలనీలో ఉప్పునీటి ట్యాంకు పెట్టిన మొదటి మనిషి ఆయనే. బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నాననీ, ట్యాంకు ఎత్తేస్తున్నాననీ, రాళ్లు కావాలంటే చూసుకోమనీ కబురు పెట్టారు. ఊదారంగు కోరలైన్ నాచు పట్టిన పెద్ద రాయిని మాస్టారు ఏరుకున్నారు. కిలో లెక్కన డబ్బిచ్చారు. తడిగుడ్డలో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నారు.

ఇప్పుడు ఆ రాయిలోంచి ఎవరో చేతులు చాపుతున్నారు.

మాస్టారు అల్మారాలోంచి కొత్త ప్రాక్టికల్ రికార్డు తీశారు. ఎడమవైపు తెల్ల పేజీ, కుడివైపు గీతల పేజీ. ఎడమవైపు పెన్సిల్‌తో బొమ్మ వేశారు. కుడివైపు పేరు రాయాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టి, దాని కింద తెలిసినంత వరకు రాశారు. వర్గం నిడేరియా. విభాగం ఆంథోజోవా. ఒకటే నోరు, చుట్టూ స్పర్శకాలు, లోపల అస్థిపంజరం లేదు. అక్కడివరకు అనుమానం లేదు. చిక్కంతా ఆ తర్వాతే.

ఎనిమోన్ అని లోకం పిలిచేవన్నీ ఎనిమోన్లు కావు. ట్యూబ్ ఎనిమోన్ ఇసుకలో గొట్టం కట్టుకుని బతుకుతుంది, దాని స్పర్శకాలు రెండు వేర్వేరు వలయాల్లో ఉంటాయి. దీనికి గొట్టం లేదు. ట్యాంకుల్లో కనిపించే జోవాంథిడ్లు అడుగున ఒకదానితో ఒకటి కలిసి గుంపుగా పెరుగుతాయి. ఇది ఒంటరి. ఆ రెంటినీ మాస్టారు కొట్టేశారు.

మిగిలినవి అసలైన ఎనిమోన్లు. వాటిలో క్లౌన్ చేపలు కాపురం ఉండేవి పది జాతులే. షాపుల్లో మంచి ధర పలికే బబుల్ టిప్ ఆ పదిలో ఒకటి. దాని స్పర్శకాల చివర బుడగ ఉబ్బి ఉంటుంది. మెజానో అని ఇంకో చిన్న రకం ఉంది. దాని చివర్లు కూడా మొద్దుగా, ఆకుపచ్చగానో గులాబీగానో ఉంటాయి. కొత్తవాళ్లు దాన్ని చూసి బబుల్ టిప్ పిల్ల అనుకుని మురిసిపోతారు. దీని స్పర్శకాలు అలా లేవు. సన్నగా, పొడుగ్గా, మొనదేలి ఉన్నాయి. కొన్ని పొడుగువి, కొన్ని పొట్టివి. వెనక దీపం పెడితే ఒంట్లోంచి వెలుతురు ఇవతలికి వస్తోంది.

రాత్రి భోజనమయ్యాక మాస్టారు కుర్చీ లాక్కుని ట్యాంకు ముందు కూర్చునేవారు. గాజు కడ్డీతో ముట్టుకుంటే అది చటుక్కున నెర్రెలోకి పోయేది. లోపల ఉందన్న ఆనవాలు కూడా మిగిలేది కాదు. కొంతసేపటికి ఒక స్పర్శకం మొన బయటికి వచ్చి నీళ్లని తడిమేది. దాని వెనక రెండోది. ఆ తర్వాత మొత్తం విచ్చుకునేది. రొయ్యముక్క అందిస్తే దంశకణాలతో పట్టి, మెల్లగా నోటి దగ్గరికి లాక్కునేది. ఆవగింజ కాస్తా చిటికెనవేలి గోరంత అయింది. ఆపైన రూపాయి బిళ్లంత అయింది.

"దాని పేరేంటండీ?" అని భార్య అడిగారు.

"తెలియదు."

"అన్నేళ్లు పాఠం చెప్పారు, మీకు తెలియకపోవడమేంటి?"

"తెలియనిది తెలియదనే చెప్పాలి" అన్నారు మాస్టారు.

కాలేజీలో ఆయన నడిపిన పద్ధతి కూడా అదే. జువాలజీ ప్రాక్టికల్ పరీక్షలో స్పాటర్లని ఉంటాయి. బల్లల మీద వరసగా అంకెలు అంటించిన సీసాలు పెడతారు. బెల్లు కొట్టినప్పుడల్లా విద్యార్థి ఒక సీసా ముందునుంచి ఇంకో సీసా ముందుకి జరగాలి. పేరు, వర్గం, గుర్తుపట్టడానికి రెండు లక్షణాలు రాయాలి. తెలియనివాళ్లు పక్కవాడి కాగితంలోకి చూస్తారు. అదీ కుదరకపోతే నోటికొచ్చిన పేరు రాస్తారు. యూనివర్సిటీ పరీక్షలో మాస్టారు చేయగలిగింది లేదు. కాలేజీలో తను పెట్టే పరీక్షల్లో మాత్రం ఒక లెక్క పెట్టుకున్నారు. స్పాటర్‌కి రెండు మార్కులు. తప్పు పేరు రాస్తే సున్నా. 'తెలియదు' అని రాస్తే అర మార్కు.

తోటి లెక్చరర్లు ఒప్పుకోలేదు. తెలియనందుకు మార్కేమిటన్నారు.

"తెలియనందుకు కాదు, ఒప్పుకున్నందుకు. ఇవాళ ఊరికే ఒక పేరు రాసేసినవాడు రేపు ఆస్పత్రి ల్యాబులో కూర్చుంటాడు. వాడు రాసిన పేరుని నమ్మి ఇంకొకడికి మందిస్తారు" అన్నారు మాస్టారు.

అర మార్కు ఆగలేదు. ఆయన రిటైరయిన రోజు సభలో మాట్లాడిన పాత విద్యార్థులందరూ దాని గురించే చెప్పారు.

మేనేజర్ గారు ఊరు వదిలేలోపు ఒకసారి అడుగుదామని మాస్టారు రికార్డు చంకలో పెట్టుకుని వెళ్లారు. ఇంటినిండా అట్టపెట్టెలు. ఖాళీ ట్యాంకు గోడవారన ఉంది. ట్యాంకు తాలూకు చిల్లర సామాను కిటికీ గూట్లో పడేసి ఉంది. వల, థర్మామీటరు, మేత డబ్బా, సూది లేని సిరంజి. సిరంజి మూతి దగ్గర తెల్లగా ఏదో గడ్డకట్టి ఉంది.

మాస్టారు బొమ్మ చూపించారు.

"మీ రాయిలోంచే వచ్చింది. ఏమంటారు?"

మేనేజర్ గారు కళ్లజోడు వెతికి పెట్టుకున్నారు. బొమ్మని చాలాసేపు చూశారు. మాస్టారు వేసిన బొమ్మలో స్పర్శకాల పొడుగులు కూడా కొలతకి ఉన్నాయి.

"ఏదో ఎనిమోన్‌లా ఉంది మాస్టారూ. పేరు తెలియదు" అన్నారు. "బావుంది కదా, ఉండనివ్వండి."

మాస్టారు కాఫీ తాగి, ప్రయాణం బాగా జరగాలని చెప్పి వచ్చేశారు. ఇంటికొచ్చాక భార్యతో, "అన్నేళ్లు ట్యాంకు పెంచినాయన. ఏదో ఒక పేరు చెప్పి పంపేయొచ్చు. తెలియదని ఒప్పుకున్నాడు. పెద్దమనిషి" అన్నారు.

జవాబు అద్దం తుడుస్తుండగా దొరికింది. నాచు గీకే బ్లేడు జారి రాయికి తగిలింది. ఎనిమోన్ ఒంటిని రాసుకుంటూ పోయింది. అది ముడుచుకుంటూ ముడుచుకుంటూ ఒంటి పక్కలనుంచి తెల్లటి దారాల్ని బయటికి వదిలింది. సన్నటి దారాలు. నీళ్లలో మెలికలు తిరుగుతున్నాయి.

మాస్టారు బ్లేడు వదిలేసి భూతద్దం అందుకున్నారు.

ఆ దారాల పేరు అకాన్షియా. వాటినిండా దంశకణాలే. ఎవరైనా మీదికి వచ్చినప్పుడు ఒంటిగోడలోని సన్నటి రంధ్రాల్లోంచి వాటిని బయటికి విసరడం కొన్ని కుటుంబాల ఎనిమోన్లకే చేతనవుతుంది. సన్యాసి పీత మోసుకుతిరిగే శంఖం మీద కూర్చునే ఆడంసియాకి అవి ఉంటాయి. ఆడంసియా సీసాని మాస్టారు ఏటా పరీక్ష బల్ల మీద పెట్టేవారు. అకాన్షియా గురించి ఏటా చెప్పేవారు. బయటికి వస్తుంటే చూడడం అదే మొదలు. బబుల్ టిప్‌కి ఆ దారాలు ఉండవు. మెజానోకీ ఉండవు.

మొనదేలిన స్పర్శకాలు, గోధుమరంగు, నెర్రెలో నివాసం, ముట్టుకుంటే మాయం, అకాన్షియా. లక్షణాలన్నీ ఒకే పేరు దగ్గరికి చేరాయి. మాస్టారు రికార్డు తెరిచి, ప్రశ్నార్థకం కొట్టేసి, పక్కన రాశారు. ఐప్టేసియా.

ఆ రాత్రి చాలా పొద్దుపోయేదాకా చదివారు. దాని గోధుమరంగు దాని సొంతం కాదు. ఒంట్లో కాపురముండే ఏకకణ శైవలాలది. అవి ఎండతో ఆహారం తయారుచేసి అందులో వాటా పెడతాయి. పగడాల ఒంట్లో ఉండేవీ ఆ కోవవే. సముద్రం వేడెక్కితే పగడాలు వాటిని పోగొట్టుకుని తెల్లబడతాయి. పగడాన్ని ల్యాబులో పెంచడం కష్టం, ఐప్టేసియాని పెంచడం తేలిక. అందుకని పగడాలకి వచ్చిన కష్టాన్ని శాస్త్రవేత్తలు దీని మీద చదువుతున్నారు. 2014లో వర్గీకరణ సవరించినప్పుడు ల్యాబుల్లో పెంచే జాతిని ఎగ్జైప్టేసియా అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు. 2015లో దాని జన్యుక్రమం మొత్తం అచ్చయింది. మాస్టారు పాత పేరు కింద కొత్త పేరు రాసి, పక్కన సంవత్సరం వేశారు. భార్యని లేపి చూపించారు.

"ఇంతకీ మంచిదేనా?" అని ఆవిడ అడిగారు.

ఆ ప్రశ్నకి జవాబు తర్వాతి పేజీలో రాయాల్సి వచ్చింది.

ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్నవాళ్లు ఐప్టేసియా పేరు వింటేనే భయపడతారు. అది రాయి మీద జరిగినప్పుడు అడుగులోంచి చిన్న ముక్కలు అక్కడే అతుక్కుని ఉండిపోతాయి. ఒక్కో ముక్కకీ నోరు తెరుచుకుని, స్పర్శకాలు మొలిచి, ఇంకో ఎనిమోన్ అవుతుంది. జత అక్కర్లేదు. గీకితే ముక్కలవుతుంది, ముక్కలు బతుకుతాయి. పొలంలో గరిక సంగతే, తవ్విపోసినవాడే నాటినవాడవుతాడు.

బ్లేడు తగిలిన చోట కొన్నాళ్లకే నాలుగు చుక్కలు తేలాయి. రాయిని కొంచెం ఎత్తి చూస్తే కింది వైపు ఇంకా ఉన్నాయి. ఒకటి జోవాంథిడ్ల గుంపు అంచుకి చేరి కుట్టడం మొదలుపెట్టింది. కుట్టిన వైపు జోవాంథిడ్లు విచ్చుకోవడం మానేశాయి.

దాన్ని తినే జీవులున్నాయి. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై అనే చేప తింటుంది, కానీ దానికి మూడడుగుల ట్యాంకు చాలదు. బెర్గియా అనే సముద్రపు నత్తకి ఐప్టేసియా తప్ప వేరే తిండి లేదు, కానీ మాస్టారికి అది ఎక్కడా దొరకలేదు. చేతిలో ఉన్నది సున్నం. కాల్షియం హైడ్రాక్సైడ్‌ని కొద్దిపాటి నీళ్లలో ముద్దగా కలిపి, సిరంజిలోకి ఎక్కించి, ఎనిమోన్ నోటి మీద పోయాలి. ఆ క్షారానికి అది కాలిపోతుంది. పంపులన్నీ ఆపాలి. ముట్టుకోకుండా పోయాలి. ఒకేసారి ఎక్కువ పోస్తే నీళ్ల క్షారగుణం పెరిగి చేపలకి ప్రమాదం, కాబట్టి పూటకి కొన్నిటినే చంపాలి.

మాస్టారు మందుల షాపులో సిరంజి కొన్నారు. సూది తీసేశారు. సున్నం కలిపారు. పెద్దదానికీ, దాని చుట్టూ ఉన్నవాటికీ పోశారు. అవి ముడుచుకుని, తెల్లటి ముద్ద కింద కనిపించకుండా పోయాయి. సిరంజి కడిగి బోర్లించి పడుకున్నారు.

పొద్దున చూస్తే సిరంజి మూతి దగ్గర తెల్లగా గడ్డకట్టి ఉంది.

మాస్టారు దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశారు. భార్య కాఫీ తెచ్చి పెట్టారు. కాఫీ చల్లారిపోయింది.

"ఆయనకి తెలుసు" అన్నారు మాస్టారు.

"ఎవరికి?"

"మేనేజర్‌కి. ఇదేమిటో తెలుసు. దీన్ని చంపడానికి సున్నం కలిపిన మనిషి అతను. నా మొహం చూసి పేరు తెలియదన్నాడు."

"పోనిద్దురూ. ఊరొదిలి వెళ్లిపోయే మనిషి, అంతంత రాళ్లు ఎక్కడ పారేస్తాడు?"

"రాయి అంటగడితే అంటగట్టాడు. డబ్బు తీసుకుంటే తీసుకున్నాడు. తెలియదంటాడా? తప్పు పేరు చెప్పి ఉంటే మర్నాడే పట్టుకునేవాణ్ణి. తెలియదన్నవాణ్ణి ఇంకేం అడుగుతాం?"

ఆవిడ చల్లారిన కాఫీ తీసుకెళ్లి వేడిచేసి తెచ్చారు.

చచ్చినవాటి చోట కొత్తవి లేచాయి. నెర్రెల లోపలికి సున్నం చేరడం లేదు. మాస్టారు రొయ్యల కోసం బయల్దేరారు. పెప్పర్‌మింట్ రొయ్య రాత్రిపూట రాళ్ల సందుల్లో తిరిగి ఐప్టేసియా పిల్లల్ని తింటుంది. చెన్నై నుంచి సరుకు దిగిందని షాపువాడు ఎర్రచారల రొయ్యల్ని చూపించాడు. మాస్టారు వంగి చూశారు. వీపు గూనిగా ఉంది. ఎర్రచారల మధ్య తెల్లచారలు, తెల్ల చుక్కలు ఉన్నాయి.

"ఇది పెప్పర్‌మింట్ కాదు. క్యామెల్ రొయ్య. ఇది ఐప్టేసియా జోలికి పోదు, కోరల్స్‌ని కొరుక్కుతింటుంది."

"అందరూ ఇదే పట్టుకెళ్తారు సార్. ఎవరూ ఏమీ అనలేదు."

"ఇది వేరే అని నీకు తెలుసా, తెలియదా?"

షాపువాడు వల కడుక్కుంటూ ఉండిపోయాడు.

"తెలిసి చెప్పకపోవడం కూడా అబద్ధమే నాయనా" అన్నారు మాస్టారు. పక్కన నిలబడ్డ ఇంకో కొనుగోలుదారుకి రెండు రొయ్యలకీ తేడా వివరించి చెప్పారు. అతను కొనకుండా వెళ్లిపోయాడు. షాపువాడి మొహం మాడిపోయింది.

తర్వాతి సరుకులో అసలువి వచ్చాయి. ఒళ్లు పారదర్శకంగా, నిలువునా సన్నటి ఎర్రగీతలతో, ఎక్కడా తెలుపు లేకుండా ఉన్నాయి. మాస్టారు తెచ్చి వదిలారు. అవి రాత్రిళ్లు పనిచేశాయి. చిన్నవి పోయాయి. మిగతా రాళ్లన్నీ శుభ్రపడ్డాయి. జోవాంథిడ్లు మళ్లీ విచ్చుకున్నాయి. మేనేజర్ రాయి ఒక్కటే లొంగలేదు. దానినిండా బొరియలు. పెద్దవి లోపల ఉన్నాయి. రొయ్యలు పెద్దవాటి దగ్గరికి వెళ్లవు.

మాస్టారు రికార్డులో చివరి పేజీ రాశారు. ఈ రాయిని ట్యాంకులోంచి తీసేయాలి. మేడ మీద ఎండలో వారాల తరబడి ఆరబెట్టాలి. దాని మీదున్నవన్నీ చనిపోతాయి, వేరే మార్గం లేదు. సముద్రంలో వదలకూడదు. ఎవరికీ ఇవ్వకూడదు. ఆఖరి వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీశారు.

రాయిని తీసి, ఉప్పునీళ్ల బకెట్లో వేసి, చిన్న పంపు పెట్టి బాల్కనీలో ఉంచారు. మర్నాడు మేడ మీదికి మోద్దామనుకున్నారు. మర్నాడు మబ్బు పట్టింది. ఆ తర్వాత ముసురు. రాయి బకెట్లోనే ఉంది. ఊదారంగు నీళ్లలో ఇంకా నిగనిగలాడుతూనే ఉంది. దాని మీద పెట్టిన డబ్బు గురించి మాస్టారు ఒకటి రెండుసార్లు భార్య దగ్గర ఎత్తారు.

ఆ రోజుల్లోనే ఫోన్ వచ్చింది. పాత విద్యార్థి. పరవాడలో మందుల కంపెనీలో ఉద్యోగం. పాప ముచ్చట పడిందని ఉప్పునీటి ట్యాంకు పెట్టానన్నాడు.

"మంచి రాయి ఏదైనా ఉంటే ఇప్పించండి సార్. షాపుల్లో ఏది ఏమిటని అమ్ముతున్నారో నాకేం తెలుస్తుంది? మీ ట్యాంకులోదైతే కళ్లు మూసుకుని తీసుకుంటాను. ధర మీరు ఎంతంటే అంత."

మాస్టారు బాల్కనీ వైపు చూశారు. ఆదివారం రమ్మన్నారు.

ఆదివారం పొద్దున స్నానం చేసి వచ్చి, ట్యాంకు పక్క బల్ల మీదున్న సిరంజిని సొరుగులో పెట్టారు. సున్నం డబ్బాని వంటింటి అటక మీదికి ఎక్కించారు. రికార్డుని బీరువాలో పెట్టి తాళం వేశారు. భార్య చూశారు. ఏమీ అనలేదు.

విద్యార్థి కూతుర్ని తీసుకొచ్చాడు. వచ్చీ రాగానే మాస్టారి కాళ్లకి దణ్ణం పెట్టి, పాప చేత కూడా పెట్టించాడు. ట్యాంకు చూసి ఆశ్చర్యపోయాడు. రాయి చూసి ఇంకా ఆశ్చర్యపోయాడు. ఇంత ఊదారంగు తను ఎక్కడా చూడలేదన్నాడు. కవరు తీసి మాస్టారి చేతిలో పెట్టబోయాడు. మాస్టారు వద్దన్నారు. బలవంతం చేస్తే తీసుకున్నారు. కవరు విప్పకుండా జేబులో పెట్టుకున్నారు.

బకెట్ దగ్గర గొంతుకూర్చున్న పాప నెర్రెలోకి వేలు చూపించింది. లోపల రెండు స్పర్శకాలు బయటికి వచ్చి నీళ్లని తడుముతున్నాయి.

"తాతగారూ, ఇదేంటి?"

విద్యార్థి కూడా వంగి చూశాడు. "అవును సార్, ఏదో ఉంది. ఏంటది?"

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. బకెట్లోకి చాలాసేపు చూశారు.

"ఏదో ఎనిమోన్‌లా ఉందమ్మా" అన్నారు. "పేరు తెలియదు."

విద్యార్థి మొహం వికసించింది. పాప భుజం మీద చెయ్యి వేసి, "చూశావా? నీకు చెప్పానే, మా సారు ఈయనే. ఎంత చదువుకున్నా తెలియనిది తెలియదనే చెప్తారు. మేం పరీక్షలో నిజాయితీగా తెలియదని రాస్తే మాకు అర మార్కు వేసేవారు" అన్నాడు.

పాప మాస్టారి వైపు తలెత్తి చూసింది.

"అయితే తాతగారికి అర మార్కు" అంది.